అమ్మ భుజం ఆపరేషన్: పోస్టాఫీసు డబ్బు తీయాలా, పాలసీ కోసం ఆగాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో చిన్న కమీషన్ వ్యాపారం. అమ్మకు 67 ఏళ్లు, షుగర్ ఉంది. కుడి చెయ్యి పైకి లేవడం లేదు, జడ కూడా మా ఆవిడే వేస్తోంది. మొన్న 2025 ఆగస్టులో ఎంఆర్ఐ తీయించాం. భుజం కీలు మార్చాలన్నారు, అయితే ఇప్పటి నుంచి ఆరేడు నెలలు ఆగినా ఫరవాలేదన్నారు. కొత్తపేటలో ఒక ఆస్పత్రి 3.10 లక్షలు, విజయవాడ సూర్యారావుపేటలో ఇంకో ఆస్పత్రి 4.80 లక్షలు చెప్పాయి. 2024 ఏప్రిల్ చివర్లో అమ్మ పేరున 5 లక్షల సీనియర్ సిటిజన్ ఆరోగ్య బీమా పాలసీ తీసుకున్నాను. 20 శాతం కో-పే (బిల్లులో మేం పెట్టుకోవాల్సిన వాటా) ఉంది. కీళ్ల మార్పిడికి రెండేళ్లు వెయిటింగ్ అట, అంటే అప్పటిదాకా క్లెయిమ్ ఇవ్వరట. 2023లో పోస్టాఫీసులో అమ్మ పేరున వేసిన 10 లక్షల సీనియర్ సిటిజన్ డిపాజిట్ తీసేసి ఇప్పుడే చేయించేద్దామా? మోకాలు చిప్పల ధర ప్రభుత్వం తగ్గించింది కదా, భుజానికీ తగ్గిస్తుందేమో ఆగుదామా? బాత్రూంలో జారిపడిందని రాయిస్తే వెయిటింగ్ వర్తించదని మా బావ అంటున్నాడు.

జవాబు: ముందు మీ బావగారి సలహా పక్కన పెట్టేద్దాం. ప్రమాదం వల్ల చేసే కీలు మార్పిడికి చాలా పాలసీల్లో వెయిటింగ్ ఉండదన్న మాట నిజమే. కానీ అమ్మగారు పడలేదు. భుజం కండరాలు ఏళ్ల తరబడి అరిగి తెగితే అది ఎంఆర్ఐలో కనిపిస్తుంది. కండరం సన్నబడి కొవ్వు పట్టి ఉంటుంది, ఎముక గుండు పైకి జరిగి ఉంటుంది. నిన్న జారిపడితే అలా అవదని కంపెనీ డాక్టరుకు ఇట్టే తెలుస్తుంది. అబద్ధమని తేలితే ఈ క్లెయిమ్ ఒక్కటే కాదు, పాలసీయే రద్దవుతుంది. అయిదేళ్లు దాటిన పాలసీని ప్రశ్నించకూడదన్న రూలు కూడా మోసం దగ్గర పనిచేయదు. 67 ఏళ్లకు, షుగరుతో, మళ్లీ పాలసీ కోసం తిరగడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి.

ఇక ఎస్టిమేట్లు. 1.70 లక్షలు తేడా ఉంది కాబట్టి కొత్తపేట చవక అనుకుంటున్నారు. మీరు పంపిన రెండు కాగితాలూ మళ్లీ చదవండి. కొత్తపేట కాగితంలో 'హెమీ ఆర్థ్రోప్లాస్టీ' అని ఉంది, విజయవాడ కాగితంలో 'రివర్స్ షోల్డర్' అని ఉంది. అవి రెండూ ఒకే ఆపరేషన్ కాదు, కాబట్టి రేట్లు పోల్చి లాభం లేదు. హెమీలో చేతి ఎముక పైనుండే గుండు ఒక్కటే మారుస్తారు. చెయ్యి లేపే పని అప్పటికీ చుట్టూ ఉన్న చిన్న కండరాలదే. అవే తెగిపోయి ఉంటే నొప్పి తగ్గినా చెయ్యి పెద్దగా లేవకపోవచ్చు. రివర్స్‌లో గుండును అది కూర్చునే గిన్నె వైపు, గిన్నెను చేతి ఎముక వైపు తిప్పి బిగిస్తారు. అప్పుడు భుజం మీదుండే పెద్ద కండరం డెల్టాయిడ్ ఆ పని అందుకుంటుంది.

ఈ పద్ధతిని 1980ల్లో ఫ్రాన్స్‌లో పాల్ గ్రామాంట్ అనే సర్జన్ రూపొందించాడు. అమెరికాలో దానికి 2003లో అనుమతి వచ్చింది. అక్కడి లెక్కలు చూస్తే తర్వాత ఏం జరిగిందో తెలుస్తుంది. 2012 నుంచి 2017 వరకు అయిదేళ్లలో భుజం మార్పిడులు పెద్ద ఎత్తున పెరిగి ఏడాదికి లక్ష దాటాయి. వాటిలో సగానికి పైగా రివర్స్‌వే. అదే కాలంలో హెమీలు సగానికన్నా తక్కువకు పడిపోయాయి. అంతమాత్రాన అమ్మగారికి రివర్సే కావాలని నేను తీర్మానించలేను, అది సర్జన్ మాట. కానీ కొత్తపేట డాక్టరుగారిని 'మా అమ్మకు హెమీ ఎందుకు రాశారండీ, రివర్స్ అయితే ఎంతవుతుంది' అని అడగడానికి మొహమాటపడొద్దు. రెండు కాగితాల్లో ఒకే ఆపరేషన్ పేరు ఉన్నప్పుడే అది రేటు పోలిక.

ఇంకో మాట కూడా అడగండి, ఏడాదికి ఎన్ని భుజాలు చేస్తారని. మన దగ్గర మోకాళ్ల మార్పిడి ఊరూరా జరుగుతోంది, భుజం చేసే చేతులు అంతకన్నా చాలా తక్కువ. చేసి చేసి చెయ్యి తిరిగినవారి దగ్గర ఫలితాలు మెరుగ్గా ఉంటాయి. డబ్బు సలహాదారుకు ఇదెందుకు అంటారేమో. తిరగదోడాల్సి వస్తే రెండో ఆపరేషన్ మొదటిదానికన్నా ఖరీదు, అందుకు.

ధర తగ్గుతుందని ఆగాలా? వద్దు. 2017 ఆగస్టులో మందుల ధరలు నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీపీఏ మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి జీఎస్టీ కాక 54,720 రూపాయలు అని. ఆ ఉత్తర్వు మోకాలికే, భుజం అందులో లేదు. 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నింటికీ ఉన్న నియమం ఏమిటంటే, ఎంఆర్‌పీ ఏడాదిలో 10 శాతానికి మించి పెంచకూడదని. అది పెరుగుదలకు పగ్గమే తప్ప తగ్గింపు కాదు. మోకాలి నొప్పి ప్రతి ఇంట్లో ఉంది కాబట్టి ప్రభుత్వం కదిలింది. భుజానికి అంత గోల వచ్చే రోజు దగ్గర్లో ఉందని నాకనిపించడం లేదు.

పాలసీ కోసం మాత్రం ఆగొచ్చు. 2026 ఏప్రిల్ చివరికి 24 నెలలు నిండుతాయి. డాక్టరుగారు ఆరేడు నెలలు ఆగొచ్చన్నారు. మేలో ఎలాగూ యార్డుకు వేసవి సెలవులు, మీ చేతికీ తీరిక. సరిగ్గా కుదిరింది. అయితే ఒక మెలిక ఉంది. పాలసీకి ముందు 36 నెలల్లో ఈ భుజానికి డాక్టరు దగ్గర నిర్ధారణ గానీ, సలహా గానీ, చికిత్స గానీ జరిగిందా? జరిగి ఉంటే అది ముందునుంచీ ఉన్న జబ్బు కిందికి వస్తుంది. వెయిటింగ్ మూడేళ్ల దాకా సాగొచ్చు, పాలసీ ఫారంలో రాయకపోతే దాచారన్న పేచీ కూడా రావచ్చు. ఇంట్లో జండూ బామ్ రాసుకున్నది లెక్కలోకి రాదు. 2022లో ఎక్కడైనా భుజానికి ఇంజెక్షన్ చేయించి ఉంటే వస్తుంది. ఇంట్లో పాత మందుల చీటీలన్నీ తీసి చూడండి. అలాంటిది ఉంటే కంపెనీకి ఇప్పుడే చెప్పి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

క్లెయిములు ఎక్కువగా దెబ్బతినేది అడ్మిషన్ రోజున. డ్యూటీ డాక్టరు 'నొప్పి ఎన్నాళ్ల నుంచి అమ్మా' అంటారు. మన పెద్దవాళ్లు 'ఎప్పట్నుంచో ఉంది బాబూ, అయిదారేళ్లుగా' అనేస్తారు. కేస్ షీట్‌లో అది అలాగే ఎక్కుతుంది. కంపెనీ మొదట చదివేది ఆ వాక్యమే. అబద్ధం చెప్పమనడం లేదు. మొదటి చీటీ ఏ తేదీదో, ఎంఆర్ఐ ఎప్పటిదో కాగితం చూసి చెప్పమంటున్నాను. ఆ సమయంలో మీరు పక్కన ఉండండి.

ఇప్పుడు లెక్క. బిల్లు 4.80 లక్షలే అనుకుందాం. గ్లవ్స్, డిస్పోజబుల్స్ లాంటి కంపెనీ ఇవ్వనివి 25 వేలు తీసేస్తే 4.55 లక్షలు. అందులో 20 శాతం కో-పే 91 వేలు. అంటే మీ జేబు నుంచి 1.16 లక్షలు. పాలసీలో రాసిన అద్దె దాటి పెద్ద గది తీసుకుంటే సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీలు కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. ఇంప్లాంటు, మందులు, పరీక్షల మీద ఆ కోత ఉండకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమం, డిశ్చార్జి బిల్లులో అది చూసుకోండి. ఇంప్లాంటు డబ్బా మీది స్టిక్కరు, ఇన్‌వాయిస్ ఫైల్లో ఉన్నాయో లేదో కూడా చూడండి. తర్వాత ఫిజియోథెరపీ నెలల తరబడి సాగుతుంది, ఒంటి చేత్తో ఉన్న మనిషికి కొన్నాళ్లు తోడు కావాలి. అన్నీ కలిపి 2 లక్షలు పక్కన ఉంచండి. సీజన్ మొదలై డబ్బు రైతుల అడ్వాన్సుల్లోకి పోకముందే తీసి, చిన్న కాలానికి బ్యాంకులో ఎఫ్‌డీ వేసేయండి. యార్డు డబ్బు మేలో మీకు కావలసినప్పుడు చేతిలో ఉంటుందన్న గ్యారంటీ లేదని మీకు నేను చెప్పాలా!

ఏప్రిల్లో రెన్యువల్ ఒక్క రోజు కూడా ఆలస్యం కానివ్వకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు, ఆమేరకు ప్రీమియం తేలిక. పాత పన్ను విధానంలో ఉంటే అమ్మగారి ప్రీమియం 50 వేల దాకా ఆదాయంలోంచి మినహాయింపుగా చూపించుకోవచ్చు.

ఈలోగా నొప్పి భరించలేక డాక్టరుగారు ఆగొద్దంటే, అప్పుడు పోస్టాఫీసు డిపాజిట్ తీయండి. రెండేళ్లు దాటింది కాబట్టి 1 శాతం, అంటే 10 వేలు కోస్తారు. మూడు నెలలకోసారి వచ్చే 20,500 వడ్డీ ఆగుతుంది. మిగిలిన డబ్బుతో అమ్మగారి పేరున కొత్త ఖాతా తెరవొచ్చు. 8.2 శాతం వడ్డీ కాపాడుకోవడానికి 13, 14 శాతానికి పర్సనల్ లోన్ తీసుకోవడం, బిల్లింగ్ కౌంటర్లో చూపించే ఈఎంఐకి సంతకం పెట్టడం మాత్రం వద్దు.

చివరిగా, ఎవరికీ గుర్తుండని సంగతి ఒకటి. ఆపరేషన్ కుడి భుజానికి. నాలుగు నుంచి ఆరు వారాలు చెయ్యి స్లింగులో ఉంటుంది, అమ్మగారికి సంతకం పెట్టడం కష్టం. పోస్టాఫీసు వడ్డీ అమ్మగారి సంతకం లేకుండా మీరు తీసుకునే ఏర్పాటు ఏముందో ఇప్పుడే అక్కడ అడిగి పెట్టుకోండి. క్లెయిమ్ ఫారాల మీద ముందే సంతకాలు పెట్టించండి. రెన్యువల్, డిపాజిట్ పనులేవైనా ఉంటే ఆపరేషన్‌కు ముందే ముగించుకోండి.