షుగర్ పాఠాలు చెప్పబోతున్న నా బిడ్డకు

బిడ్డా, నువ్వు ట్యాబులు పట్టుకొని ములుగు దిక్కు ఊర్లల్ల షుగర్ ఉన్నోళ్లకు పాఠాలు చెప్పే పనిల చేరుతున్నవని మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. సంబురంతోని కండ్లల్ల నీళ్లొచ్చినయి, ఆ తర్వాత తెల్లారేదాక నిద్ర పట్టలే. 31 ఏండ్లు ఏఎన్ఎంగ ఊర్లు తిరిగినదాన్ని, నా చెల్లె బిడ్డ గూడ అట్లనే తిరుగుతదంటే నాకు గర్వం ఉండదా. గుబులు గూడ ఉంది, అందుకే ఇంత పొడుగు రాస్తున్న, ఫోన్ల పైపైన చూసి ఇడిసిపెట్టకు, కూసొని చదువు.

చిన్న ముచ్చట్లు ముందు చెప్పేస్త. ట్యాబ్ అను, ట్యాబ్లెట్ అనకు, ఊర్లె ట్యాబ్లెట్ అంటే మింగే గోలే, గోలీలు ఇస్తున్నరట అని పని ఇడిసి వస్తరు, వట్టి చేతులతోని పోతే రెండోసారి రారు. తాడ్వాయి, ఏటూరునాగారం అడవిల సిగ్నల్‌ను నమ్ముకోకు, వీడియోలు హన్మకొండలనే ఎక్కించుకొని పో. కార్బోహైడ్రేట్ అనే మాట తియ్యకు, అన్నం, గటక, సర్వపిండి, బెల్లం అను. బెల్లంతోని షుగర్ పెరగదనుకునేటోళ్లు ఇప్పటికీ మస్తుమంది ఉన్నరు, మేడారం బంగారమని ముద్దలు ముద్దలు తింటరు. గద్దించకు, అది తల్లుల ప్రసాదం, చిటికెడు నోట్లేసుకొని మిగిలింది పంచిపెట్టుమను.

ఇగ అసలు సంగతి. ఇది మీ అమ్మకు గూడ పూర్తిగ చెప్పలే.

1997ల నేను పరకాల దిక్కు ఒక ఊర్లె ఉంటి. అప్పుడు మా పని కాన్పులు, టీకాలు, షుగర్ మా లెక్కల్లనే లేకుండె. నా కిరాయింటి పక్కన ఒక అవ్వ ఉండేది, అరవై దాటింది, షుగర్‌కు డాక్టర్ గ్లిబెన్‌క్లమైడ్ గోలి రాసిండు. యాదికున్ననాడు వేసుకునేది, లేకుంటే లేదు. నేను పొద్దున బోరింగు కాడ కనపడంగనే పోరు పెట్టేదాన్ని, అవ్వా ఏమన్న గాని గోలి మాత్రం మానద్దు, ఏమన్న గాని మానద్దు అని. ఏడాది పొడుగునా అదే మాట. ఆఖరికి ఆమె నా మాట విన్నది. విన్నందుకే పడ్డది బిడ్డా.

శివరాత్రి. పొద్దుగాల తానం చేసి, గోలి వేసుకొని, ఒక్కపొద్దున్నది. నీళ్లు తప్ప ఏం ముట్టలే. మాపటికి ఒక్కపొద్దు ఇడుద్దామని కందగడ్డలు ఉడకపెట్టుకుంట పొయ్యి కాడనే ఒరిగింది. ఒళ్లంత చెమటలు, చేతులు వణుకుడు, ఏం మాట్లాడుతుందో ఆమెకే తెల్వదు. దేవుడొచ్చిండని కొందరన్నరు. నేను చదువుకున్నదాన్ని, నేనేమనుకున్న? ఉపాసానికి బీపీ పడిందనుకొని పండబెట్టి విసురుకుంట కూసున్న. ఇంత చక్కెర నీళ్లు తాపితే అయిపోయే పని, అరగంట పోగొట్టిన. అప్పటికి సోయి తప్పింది, ఇగ నోట్లె ఏం పొయ్యరాదు. జీపుల వరంగల్ ఎంజీఎం దవాఖానకు ఏసుకపోతే నరానికి గ్లూకోజ్ ఎక్కించినంక కండ్లు తెరిచింది. నడిరాత్రి మళ్లీ పడిపోయింది షుగర్, ఎందుకంటే ఆ గోలి చాలసేపు పనిచేస్తది, పెద్ద వయసోళ్లల్ల ఇంకా ఎక్కువ. నువ్వు తిన్నవా లేదా అని అది చూడదు, ఇన్సులిన్‌ను వదిలిస్తనే ఉంటది. మెట్‌ఫార్మిన్ అనే ఇంకో షుగర్ గోలి ఒక్కటే వేసుకునేటోళ్లకు ఇట్ల పడిపోవుడు చాల అరుదు. ఈ రకం గోలీలు, ఇన్సులిన్ తీసుకునేటోళ్లు మాత్రం ఒక్కపొద్దుకు ముందు తప్పకుండ డాక్టర్‌ను అడగాలె, ఆ రోజు ఎంత, ఎప్పుడు వేసుకోవాలె అని. ఆ ఒక్క ముక్క నేను చెప్పలే.

రెండోనాడు అవ్వ నా చెయ్యి పట్టుకొని, నువ్వు మానద్దన్నవు గద బిడ్డా, అందుకే దేవుని నాడు గూడ వేసుకున్న అన్నది. ఆ మాట నేను ఇప్పటికీ మరువలే.

నీ ట్యాబ్ అంటే నా భయం ఏందంటే, అది గూడ అప్పటి నా లెక్కనే, అదే మాట వందసార్లు చెప్తది గని ఎదుటి మనిషిని ఒక్కటి గూడ అడగదు. అందుకే ప్రతి వీడియో అయినంక ఆపు. అర్థమైందా అని అడగకు, అందరు అయిందనే అంటరు. అవ్వా, శివరాత్రినాడు గోలి ఏం చేస్తవు? కల్లు తాగి అన్నం తినకుండ పంటే ఏమైతది? అని అడిగి, వాళ్ల నోటితోనే చెప్పనియ్యి. తప్పు చెప్తే వాళ్లను అనకు, మనం చెప్పుడే సరిగ లేనట్టు. నువ్వు తొందరపడి మాట మధ్యల అందుకుంటవ్, చిన్నప్పటిసంది అంతే, ఎన్నిసార్లు చెప్పిన నీకు! ఈ పనిల అది పనికిరాదు.

షుగర్ 70 కన్నా తగ్గి సోయిల ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాపాలె, 15 నిమిషాలకు మళ్లీ చూడాలె, తగ్గే ఉంటే మళ్లీ తాపాలె, తేరుకున్నంక ఏదన్న తినిపియ్యాలె. సోయి లేకుంటే నోట్లె ఏం పెట్టద్దు, 108కి ఫోన్. ఇది రోజూ చెప్పినా ఎక్కువ కాదు.

ఇన్సులిన్ సూదులు చేతిల పట్టుకొని చూపియ్యి, వీడియోల కాదు. మిల్లీలీటర్‌కు 40 యూనిట్లు ఉండే ఇన్సులిన్ సీసకు ఎర్ర మూత సూది, 100 యూనిట్లదానికి నారింజ రంగు, అటుదిటు అయితే రెండున్నరింతలు తేడా వస్తది. ఫ్రిజ్ లేనోళ్లు ఇన్సులిన్ సీసను తడి ఇసుకల పెట్టిన కుండల దాచుకోవచ్చు. పాదాలు గూడ రోజు చూసుకొమ్మను, షుగర్‌తోని కాళ్లు మొద్దుబారితే మేడారానికి వట్టి కాళ్లతోని నడిచేటోళ్లకు ముల్లు గుచ్చినా తెల్వదు, తెలిసేసరికి పుండు అయితది.

నువ్వు గూడ ఏం తినకుండ బస్సెక్కకు, నీ పానం మీద నీకు ధ్యాస ఉండదు, మీ అమ్మ ఏడుస్తది.

మీ వీడియోలల్ల ఒక్కపొద్దు సంగతి ఉందో లేదో చూసి చెప్పు. లేకుంటే నేనే చెప్త. ఆదివారం ట్యాబ్ పట్టుకొని రా, రికార్డు చేసుకుందువు. జొన్నరొట్టె, పచ్చిపులుసు చేసి పెడ్త, తిన్నంకనే మొదలుపెడదాం.

మీ పెద్దమ్మ