స్టోర్నోవేలో జీతం ఎక్కడ కారిపోతుంది?

సందేహం: స్కాట్లండ్‌లోని ఇన్వర్నెస్‌లో ఉంటున్నాం. మావారికి స్టోర్నోవే ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. ఊరవతల ఇల్లు చూశాం, అద్దె ఇక్కడికంటే తక్కువే. ఇద్దరు పిల్లలు. అక్కడ డబ్బు మిగులుతుందా? ఒంటరిగా అనిపిస్తుందా?

జవాబు: చెల్లెమ్మా, తక్కువ అద్దె చూసి మురిసిపోయినవాళ్ళలో మేమూ ఉన్నాం. స్టోర్నోవే ఉన్న లూయిస్ దీవిలో అద్దె ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. ఆ ఇల్లు దేనితో వెచ్చబడుతుందో ముందు అడగాలి. వీసా, పన్నుల సంగతి ప్రభుత్వ సైట్లో ఉంది, అక్కడ చూసుకోండి. దీవుల్లో పనిచేసే ఎన్.హెచ్.ఎస్. (ప్రభుత్వ ఆరోగ్య సేవ) సిబ్బందికి డిస్టెంట్ ఐలాండ్స్ అలవెన్స్, అంటే దూరపు దీవుల భత్యం ఉంటుంది. ఆఫర్ లెటర్లో ఆ మాట ఉందో లేదో మాత్రం ఇవాళే చూడండి.

ప్రధాన భూభాగం గ్యాసు పైపు ఇక్కడిదాకా రాదు. స్టోర్నోవే ఊళ్ళో ఎల్పీజీతో నడిచే చిన్న గ్యాసు లైను ఉంది. ఊరు దాటితే కిరోసిన్ ట్యాంకో, కరెంటు స్టోరేజ్ హీటరో, పీట్ (తడి నేలలోంచి కోసి ఎండబెట్టిన గడ్డలు) పొయ్యో. అందుకని సంతకం పెట్టేముందు ఇంటి ఈపీసీ అక్షరం (ఇల్లు ఇంధనం ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే గ్రేడు), హీటింగ్ రకం, కిందటి చలికాలం బిల్లులు, ఈ మూడూ అడగండి. బిల్లులు చూపించడానికి నసిగితే ఇంకో ఇల్లు వెతుక్కోండి.

కిరోసిన్ బండి సాధారణంగా 500 లీటర్లకు తక్కువైతే రాదు. అంటే దిగిన వారంలోనే పెద్ద మొత్తం ఒకేసారి చేతిలోంచి పోతుంది. ట్యాంకు అడుగంటేదాకా ఆగడం మనవాళ్ళ మొదటి తప్పు. అడుగున పేరుకున్న నీళ్ళూ మడ్డీ పైపులోకి పోతాయి, గాలి జొరబడి బాయిలర్ ఆగిపోతుంది, ఆపైన మెకానిక్ ఖర్చు. పావు ట్యాంకు మిగలగానే ఫోన్ చేయాలి. డిసెంబరులో అయితే ఇంకా ముందే, ఎందుకంటే అందరికీ అప్పుడే గుర్తొస్తుంది, పడవలూ అప్పుడే ఆగిపోతాయి.

స్టోరేజ్ హీటర్ది వేరే గొడవ. రాత్రి చవక రేటు కరెంటుతో లోపలి ఇటుకలు వేడెక్కుతాయి, పగలు ఆ వేడి మెల్లగా బయటికొస్తుంది. రేపు ఎంత చలో చూసుకుని ఇన్‌పుట్ మీట ఇవాళ సాయంత్రమే పెంచాలి. అవుట్‌పుట్ మీట పడుకునేముందు పూర్తిగా తగ్గించాలి. దాన్ని తెరిచి పడుకుంటే తెల్లారేసరికి ఇటుకలు చల్లారిపోతాయి. అప్పుడు పగటి రేటుకు ఫ్యాన్ హీటర్ పెడతాం, బిల్లు చూసి కంపెనీని తిడతాం. కంపెనీ ఏం చేస్తుంది పాపం!

వేడి పోతుందని కిటికీలన్నీ బిగించి, లోపల అన్నం, పప్పు ఉడికించి, బట్టలు కూడా లోపలే ఆరేస్తే ఆ ఆవిరంతా బయటి గోడకు పట్టి నల్ల బూజవుతుంది. గాలిలో తేమ లాగేసే డీహ్యుమిడిఫైయర్ ఒకటి కొనండి. 200, 300 వాట్లు తింటుంది, 2 కిలోవాట్ల హీటరుతో పోలిస్తే అదెంత? చిన్న గదిలో బట్టలు ఆరేసి, దాన్ని పెట్టి తలుపు మూసేయండి. బీరువాను బయటి గోడకు నాలుగు వేళ్ళు ఎడంగా ఉంచండి.

పీట్ ఉచితమేగా అంటారు. వేల ఏళ్ళుగా నాచూ గడ్డీ కుళ్ళకుండా పేరుకున్న తడి నేల అది. ఎక్కడపడితే అక్కడ తవ్వకూడదు, క్రాఫ్టు (ఇక్కడి చిన్న వ్యవసాయ కమతం) హక్కో అనుమతో ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో పైగడ్డి ఒలిచి, టరిష్కెర్ అనే పొడుగు కర్ర పనిముట్టుతో ఒకరు కోస్తుంటే ఇంకొకరు అందుకుని గట్టుమీద పరుస్తారు. రెండు మూడు వారాలకు పైపొర గట్టిపడుతుంది. అప్పుడు నాలుగైదు గడ్డలు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టాలి. వేసవి చివర ఇంటికి చేర్చి, వాన జారిపోయేలా బయటివరస ఏటవాలుగా పేర్చి గూడు కడతారు. మన పిడకల గూడు చూసినవాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. పచ్చిది కాలిస్తే వేడి రాదు, పొగగొట్టంలో తారు పేరుకుంటుంది. ఈ ఏడు కోసింది వచ్చే చలికే పనికొస్తుంది కాబట్టి మొదటి చలికాలానికి ఆ లెక్క వేసుకోకండి.

రెండో చిల్లు రవాణా. ఇక్కడి పోస్టుకోడ్లన్నీ హెచ్ఎస్‌తో మొదలవుతాయి. అది చూడగానే చాలా కొరియర్లు అదనపు ఛార్జీ వేస్తాయి, కొందరు అసలు పంపరు. రాయల్ మెయిల్‌కు మాత్రం దేశమంతా ఒకటే రేటు. దానితో పంపే అమ్మకందారుల దగ్గరే కొనండి. బియ్యం, కందిపప్పు, చింతపండు లాంటి బరువులు కారుతో ప్రధాన భూభాగానికి వెళ్ళినప్పుడు తెచ్చుకోవాలి. అటువైపు రేవు ఉల్లాపూల్‌కు పడవలో రెండున్నర గంటల పైన పడుతుంది. 2008 నుంచి, అంత దూరం రోడ్డు మీద వెళ్తే అయ్యే ఖర్చు లెక్కన పడవ ఛార్జీలు తగ్గాయి గానీ, వేసవిలో కారుకు చోటు వారాల ముందే నిండుతుంది. విమానానికైతే దీవివాసుల డిస్కౌంట్ పథకం ఉంది, మూల ఛార్జీలో సగం తగ్గుతుంది. చేరిన వెంటనే దానికి దరఖాస్తు పెట్టండి. గాలివానలకు పడవ రెండు రోజులు రాకపోతే పాలు, బ్రెడ్ల అరలు ఖాళీ. పది రోజుల సరుకు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. డిసెంబరులో పగలు ఆరున్నర గంటలే, కరివేపాకు మొక్క బతకదు. ఆకు తెచ్చి ఫ్రీజర్లో పెట్టండి.

ఇల్లు పడమటి తీరానైతే జూన్, జూలైల్లో గవ్వల ఇసుక మైదానాల నిండా పూలు. ఆ మైదానాలను మఖర్ అంటారు. కళ్ళు చాలవు, కానీ అదే తీరాన ఉప్పుగాలి కారు అడుగుభాగాన్ని తినేస్తుంది. పక్షానికోసారి కింద నీళ్ళు కొట్టి కడగండి. కారు ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా ఆపి, తలుపు చేత్తో పట్టుకుని తెరవండి. వదిలితే మడతబందులు ఊడతాయి. గొడుగు కొనడం దండగ.

పిల్లల బడి గురించి: 2020 నుంచి ఒకటో తరగతిలో మామూలుగా గేలిక్ (ఇక్కడి స్థానిక భాష) మాధ్యమంలోనే చేర్చుకుంటారు, ఇంగ్లీషు కావాలంటే మీరు చెప్పాలి. చెప్పకండి. ఫీజు లేకుండా ఇంకో భాష వస్తుంటే వద్దంటామా? పైగా అందులోనూ మనలాగే మీరు, నువ్వు ఉన్నాయి. పెద్దవాళ్ళను 'షివ్' అనాలి, 'ఊ' అనకూడదు.

లూయిస్‌లోనూ, దానికి దక్షిణాన ఆనుకుని ఉన్న హారిస్‌లోనూ ఆదివారం ప్రొటెస్టెంట్ల విశ్రాంతి దినం, బట్టలు బయట ఆరేయకండి, గడ్డి మిషను తిప్పకండి. పడవ 2009 నుంచి ఆదివారమూ నడుస్తోంది, అయినా చాలా ఇళ్ళలో ఆ రోజు పద్ధతి మారలేదు. కాథలిక్కులు ఎక్కువున్న దక్షిణపు దీవులు సౌత్ ఉయిస్ట్, బారాలలో ఇంత పట్టింపు లేదు.

ఒంటరితనం సంగతి అడిగారు. వేసవిలో పక్కింటివాళ్ళు మన కానగుర్తల్లాంటి మాకెరెల్ చేపలు గిన్నెలో తెచ్చిస్తారు. డబ్బు ఇవ్వబోకండి, చిన్నబుచ్చుకుంటారు. పులుసు పెట్టుకోండి, గిన్నె మాత్రం ఖాళీగా తిరిగివ్వకండి. నాలుగు గారెలు చాలు, నూనె కూడా పెద్దగా ఖర్చవదు.