పంతొమ్మిదేళ్లకే కంటి ఒత్తిడి 32: చుక్కల మందును అనుమానించండి

మీ అబ్బాయికి 19 ఏళ్లకే కంటి ఒత్తిడి 32కు చేరడానికి, దురద తగ్గాలని రెండేళ్లుగా మందుల దుకాణంలో కొని వేస్తున్న స్టెరాయిడ్ చుక్కలే కారణం కావచ్చు. మామూలుగా అది 10 నుంచి 21 మధ్య ఉంటుంది.

1. వాడిన సీసాలన్నీ కంటి డాక్టరుకు చూపించి, ఆయన పర్యవేక్షణలోనే స్టెరాయిడ్ మానిపించండి.

2. చాలామందికి జరగకుండా పోయేది గోనియోస్కోపీ. కంటిలోని ద్రవం బయటికి పోయే కోణాన్ని ప్రత్యేకమైన లెన్సుతో చూసే ఈ పరీక్ష చేయనిదే, ఆ కోణం తెరుచుకునే ఉందా, పాత దెబ్బకు చీలిందా, పుట్టుకతోనే సరిగా ఏర్పడలేదా అన్నది తేలదు, చికిత్స మాత్రం దాన్నిబట్టే మారుతుంది. మత్తు చుక్కలు వేసి కొద్ది నిమిషాల్లో ముగిస్తారు కనుక, దయచేసి మీరే అడిగి చేయించండి.

3. అలర్జీతో పాటు ఉబ్బసం కూడా ఉంటే ముందే చెప్పండి, కంటి ఒత్తిడి తగ్గించడానికి వేసే టిమోలాల్ చుక్కలు అతనికి ప్రమాదకరం.

4. స్టెరాయిడ్ మానాక కొన్ని వారాల్లో ఒత్తిడి దిగకపోతే వేరే చుక్కలు, అవసరమైతే శస్త్రచికిత్స ఉంటాయి.