బండి – బాట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హైవేల గురించి కాదు. ఊరికీ మండల కేంద్రానికీ మధ్య రోజూ తిరిగే రోడ్ల గురించి, అక్కడ జరిగే కారు ప్రమాదాల గురించి. అందుకే ఈ సంచిక పేజీలన్నీ వాటికే ఇచ్చాం.

మా ఆయన రోజూ కారులో జనగామ వెళ్లొస్తారు. దారి పొడవునా ఫోన్ మాట్లాడుతూనే ఉంటారు. అదేమంటే "చెవిలో బ్లూటూత్ ఉంది, రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి, కళ్లు మూసుకున్నా ఈ రోడ్డు నాకు తెలుసు" అంటారు. నిజంగా ప్రమాదం లేదా?
– ఒక పాఠకురాలు, జనగామ జిల్లా

ముందు చట్టం మాట. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో, చేత్తో ఫోన్ పట్టుకుని నడపడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్‌లో చేర్చారు. మొదటిసారి దొరికితే 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ, 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. దారి చూసుకోవడానికైతే, అదీ ధ్యాస చెదరకుండా, ఫోన్ వాడొచ్చని 2020 అక్టోబర్ 1 నుంచి నిబంధన ఉంది. చెవిలో బ్లూటూత్ ఈ మాటల్లోకి నేరుగా రాదు. కాబట్టి చలానా దగ్గర మీవారి వాదన కొంత నిలబడుతుంది. రోడ్డు మీద నిలబడదు.

ఎందుకంటే ఇబ్బంది చేతులతో కాదు. మాటల్లో పడ్డ మనిషి చూపు నేరుగా ముందుకే అతుక్కుపోతుంది. అద్దాల వైపు, రోడ్డు పక్కల వైపు కళ్లు తిప్పడం తగ్గిపోతుంది. కళ్ల ముందున్నది కూడా బుర్రకు ఎక్కదు. తెలిసిన రోడ్డయితే ఇంకా కష్టం. నిన్న ఖాళీగా ఉన్న మలుపు ఇవాళ కూడా ఖాళీగానే ఉంటుందని మనసు ముందే నిర్ణయించేసుకుంటుంది. పక్క సీట్లో కూర్చున్న మనిషితో మాట్లాడటం దీనికంటే నయం. అడ్డంగా గేదె వస్తే ఆయనా చూస్తాడు, మాట ఆపేస్తాడు. ఫోన్‌లో అవతలి మనిషికి ఆ గేదె కనిపించదు.

ఇక లెక్క. 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 16.7 మీటర్లు పోతుంది. ధ్యాసగా ఉన్న మనిషికి అడ్డం కనిపించినప్పటి నుంచి కాలు బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర సెకను అనుకుందాం, 25 మీటర్లు అయిపోయాయి. పొడి తారు, మంచి టైర్లు ఉంటే బ్రేకు పట్టాక ఇంకో 20 మీటర్లు. మొత్తం 45. మాటల్లో ఉన్నాయన అర సెకను ఆలస్యంగా బ్రేకు వేశాడనుకోండి, మరో 8 మీటర్లు, అంటే రెండు చిన్న కార్ల పొడవు. మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోటికి రెండోది ఇంకా సుమారు 38 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. నడిచిపోయే మనిషికి కాళ్లూ తలా పగలడానికి ఆ వేగం చాలు. వాన పడితే బ్రేకు వేశాక పట్టే 20 మీటర్లు 35 దాకా పెరుగుతాయి.

చేయాల్సినది కష్టమేమీ కాదు. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఫోన్‌లో డ్రైవింగ్ మోడ్ పెట్టాలి. "బండి నడుపుతున్నాను, చేరాక చేస్తాను" అన్న జవాబు దానంతట అదే వెళ్లిపోతుంది. ఫోన్‌ను ముందు డబ్బాలో గానీ, వెనక సీట్లో సంచిలో గానీ పెట్టాలి. తొడ మీదో, ఒళ్లోనో ఉంటే వెలుగు రాగానే చూపు కిందికి పోతుంది. 60లో రెండు సెకన్లు కిందికి చూస్తే 33 మీటర్లు చూడకుండా నడిపినట్టే. రోజూ వెళ్లే దారి కాబట్టి ఆగి మాట్లాడుకునే చోట్లు రెండు ముందే అనుకోవచ్చు, పెట్రోలు బంకో, బస్టాపు దగ్గరి ఖాళీ జాగానో. కల్వర్టు మీద, మలుపులో ఆపకూడదు. నాలుగు చక్రాలూ తారు దిగాలి. ఇంకో మాట, ఆయన దారిలో ఉన్నారని తెలిసిన టైములో ఇంటి నుంచి ఫోన్ చేయకండి. "ఎక్కడిదాకా వచ్చావ్?" అనే ఫోన్ చాలా ఇళ్లలో అలవాటు.

యాసంగి కోతలప్పుడు మా మండలంలో సగం రోడ్డు వడ్లతోనే నిండిపోతుంది. వడ్ల మీదికి ఎక్కితే కారు ఎందుకు జారుతుంది? రాత్రిపూట ఎలా నడపాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా

వడ్ల గింజ గట్టిది, పైన నున్నగా ఉంటుంది. టైరుకూ తారుకూ మధ్య పడితే దొర్లుతుంది. రబ్బరు తారును పట్టుకోలేదు కాబట్టి బ్రేకు వేసినా, స్టీరింగ్ తిప్పినా కారు తన దారిన తాను పోతుంది. ఏబీఎస్ ఉంటే చక్రాలు బిగుసుకుపోవు, అంతే. పట్టు లేనిచోట పట్టు అది పుట్టించలేదు.

అందుకే వేగం తగ్గించేది వడ్ల దగ్గరికి వచ్చాక కాదు, వందడుగుల ముందే. 30కి దిగి, గేరు తగ్గించి, ఖాళీగా ఉన్న సగంలోంచి పోవాలి. కుప్ప మన వైపు ఉంటే మిగిలిన సగం ఎదుటివాడిది. అతను దాటిపోయేదాకా ఆగాల్సింది మనమే. ఎదురెదురు ఢీలు ఇలాంటిచోటే పుడతాయి: ఇద్దరూ "నేనే ముందు దాటేస్తా" అనుకుంటారు. పొరపాటున చక్రాలు వడ్ల మీదికి ఎక్కితే బ్రేకు వద్దు, స్టీరింగ్ నేరుగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. తారు మీదికి వచ్చాక బ్రేకు మెల్లగా నొక్కండి.

రాత్రి అసలు భయం వడ్లు కాదు, రాళ్లు. కుప్ప మీద నల్ల టార్పాలిన్ కప్పి, గాలికి లేవకుండా చుట్టూ బండరాళ్లు పెడతారు. నల్ల తారు మీద నల్ల పట్టా డిమ్ లైట్లో కనపడదు. వడ్లు ఎత్తుకుపోయాక రాళ్లు మాత్రం రోజుల తరబడి అక్కడే ఉంటాయి. ఎదురుగా బండి లేనప్పుడు హైబీమ్ వేయండి. బండి రాగానే డిమ్ చేసి వేగం తగ్గించి, అవతలి లైట్ల వైపు కాకుండా రోడ్డు ఎడమ అంచును చూస్తూ నడపండి.

రాయి కారు అడుగున కొడితే కాస్త దూరం పోయైనా ఆపి, కిందికి వంగి చూడండి. ఇంజిన్ కింద నూనె చుక్కలు పడుతున్నా, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ దీపం వెలిగినా ఇంజిన్ వెంటనే ఆపేయాలి. సంప్ (ఇంజిన్ అడుగున నూనె ఉండే గిన్నె) పగిలిన బండిని "మెకానిక్ దాకా మెల్లగా పోదాం" అని నడిపితే ఇంజిన్ పట్టేస్తుంది. టోయింగ్ ఖర్చు దాని ముందు చిల్లర. రాయలసీమ వైపు ఉలవ, రాగి వంటి పంటలను బళ్ల కింద నలగడానికి రోడ్డు మీద పరుస్తారు. అది ఇంకో రకం ప్రమాదం. ఎండిన గడ్డి ఇరుసుకు చుట్టుకుని, వేడెక్కిన సైలెన్సర్ గొట్టానికి తగిలి నిప్పు అంటుకోవచ్చు. దాని మీదుగా పోవాల్సి వస్తే దాటాక ఆగి, చల్లారాక కర్రతో లాగేయండి.

రైతును తిట్టి లాభం లేదు. సరిపడా కళ్లాలు లేని ఊళ్లో వడ్లు ఎక్కడో ఒకచోట ఆరాలి. కానీ రాళ్లకు బదులు మట్టి నింపిన సంచులు పెట్టి, వాటికి మెరిసే రేడియం స్టిక్కర్ అంటిస్తే చాలా ప్రాణాలు నిలుస్తాయి. మలుపులో, కల్వర్టు పక్కన మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకూడదు.

సందులోంచి మెయిన్ రోడ్డెక్కుతూ కుడివైపు తిరిగేటప్పుడు రెండుసార్లు బైకు తగలబోయింది. చూసే తిరిగాను, ప్రమాణం. అంత దగ్గరికి వచ్చేదాకా ఎందుకు కనపడలేదు?
– ఒక పాఠకుడు, తెనాలి

ముందు అద్దానికి అటూఇటూ ఉండే స్తంభాలే కారణం అయి ఉండొచ్చు. మన కార్లలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి కుడి స్తంభం కంటికి మరీ దగ్గర. కొంచెం దూరంలో ఉన్న బైకు పూర్తిగా దాని వెనక దాక్కుంటుంది. మీరు మెల్లగా ముందుకు కదులుతుంటే, బైకు కూడా అదే లెక్కన దగ్గరికి వస్తుంటే, చివరిదాకా స్తంభం వెనకే ఉండిపోతుంది.

మందు సులువు. కదలబోయే ముందు నడుము నుంచి ఒకసారి ముందుకు వంగి, ఒకసారి వెనక్కి వాలి చూడండి. స్తంభం పక్కకు జరిగినట్టయి దాని వెనక ఏముందో తెలుస్తుంది. కుడి, ఎడమ, మళ్లీ కుడి చూశాకే కదలాలి. ఫోన్ స్టాండు కుడి స్తంభం దగ్గర బిగించకండి, మధ్యలో కిందికి పెట్టండి. అద్దానికి వేలాడే దండలు, బొమ్మలు కూడా తీసేయండి. దేవుడు డ్యాష్‌బోర్డు మీద చిన్నగా ఉన్నా కాపాడతాడు.

కారు మా స్కూటర్‌ను వెనక నుంచి కొట్టింది. "ఐదు వేలు తీసుకుని పొండి, పోలీసులు ఎందుకు?" అన్నారు. దెబ్బలు చిన్నవేనని తీసుకున్నాం. మరుసటి రోజు చూస్తే మణికట్టు విరిగింది. అప్పుడే ఏం చేసి ఉండాల్సింది?
– ఒక పాఠకురాలు, తణుకు

దెబ్బ ఎంతో తేలకముందే డబ్బు మాట మాట్లాడకూడదు. మణికట్టు విరిగినా, తల లోపల రక్తం కారినా మొదటి గంటలో మామూలుగానే అనిపించొచ్చు. ప్రమాదం జరిగినచోట వరస ఇలా ఉండాలి.

ముందు ప్రాణం. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. నీళ్లు తాగించకూడదు. మెడ, వెన్ను దెబ్బ అనుమానం ఉంటే, మంటల్లాంటి ఆపద లేనంతవరకూ మనిషిని లాగి లేపకూడదు. వెనక వచ్చే బళ్లకు తెలిసేలా కారు నాలుగు లైట్లూ వెలిగించి, కనీసం 50 మీటర్ల వెనక త్రికోణం గుర్తు పెట్టాలి. మలుపు ఉంటే దానికి అవతల.

తరువాత ఫొటోలు, బళ్లు జరపకముందే. రెండు నంబరు ప్లేట్లు, నాలుగు మూలల నుంచి రోడ్డు మొత్తం, టైరు గీతలు, పగిలిన గాజు పడిన చోటు. గాజు పడ్డ చోటు ఎవరి పక్కన ఢీ జరిగిందో చెప్పే మంచి సాక్ష్యం. అవతలివారి లైసెన్సు ఫొటో తీసుకోండి. బీమా ఉందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడొచ్చు.

ప్రమాదం చేసిన డ్రైవరుకు మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ కింద మూడు బాధ్యతలున్నాయి: గాయపడ్డవారికి వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లోగా పోలీసులకు చెప్పడం, బీమా కంపెనీకి తెలియజేయడం. మీరు ఇప్పుడైనా పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఎక్స్‌రే కాగితాలు, బిల్లులు దాచుకోండి. ఐదు వేలు పుచ్చుకున్న సంగతి దాచకుండా చెప్పండి. పరిహారానికి ట్రిబ్యునల్‌లో దరఖాస్తు గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి 6 నెలలు అని చట్టంలో ఉంది. వెంటనే లాయరును కలవడం మంచిది. 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు 7 రోజుల లోపు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం ఉంది. పథకంలో చేరిన ఆసుపత్రుల్లో అడగాలి. గాయపడ్డవారిని ఆసుపత్రికి చేర్చే దారినపోయేవారికి 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.

రిపేరు బిల్లు 40,000 అయితే బీమా వాళ్లు 29,000 ఇచ్చారు. కారు కొని మూడున్నరేళ్లు. మోసపోయానా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

మీరు పంపిన బిల్లు చూశాం. మోసం కాదు, తరుగుదల లెక్క. మామూలు సమగ్ర పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం కోస్తారు, అద్దాలకు కోత లేదు. ఇనుప భాగాలకు కారు వయసును బట్టి కోత ఉంటుంది. మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపు 25 శాతం. మీ బంపరు 6,000కి 3,000, ప్లాస్టిక్ హెడ్‌ల్యాంపు 8,000కి 4,000, బానెట్ 9,000కి 6,750 వచ్చాయి. ముందు అద్దం 7,000, కూలి 4,000 పూర్తిగా ఇచ్చారు. పెయింట్ 6,000లో పావు వంతును సరుకు ఖర్చుగా లెక్కగట్టి, అందులో సగం కోస్తే 5,250. కలిపితే 30,000. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి మినహాయింపు (క్లెయిములో మనమే భరించాల్సిన సొమ్ము) 1,000 పోతే 29,000. వచ్చే ఏడాది జీరో డిప్రిసియేషన్ కవర్ తీసుకుంటే ఈ తరుగుదల కోత చాలావరకు పోతుంది.

మా వాడికి 16 ఏళ్లు. కారు బాగా నడుపుతాడు. ట్యూషన్ దాకా, ఊళ్లోనే. పరవాలేదా?
– ఒక తండ్రి, నంద్యాల

పరవా ఉంది. 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు నేరం చేస్తే తండ్రికి గానీ బండి యజమానికి గానీ 3 ఏళ్ల దాకా జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఎవరికైనా దెబ్బ తగిలితే బీమా కంపెనీ బాధితుడికి కట్టినా, ఆ సొమ్ము మీ దగ్గర వసూలు చేసుకునే అవకాశం ఉంది.

బజారులో కారు ఆపి డోరు తీస్తే సైకిలాయన తగిలి పడ్డాడు. దీనికి ఏదైనా అలవాటు ఉందా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

ఉంది. డోరుకు దూరంగా ఉన్న చేత్తో తీయండి. డ్రైవరు సీట్లో ఉంటే ఎడమ చేత్తో, ఎడమ పక్క కూర్చున్నవారైతే కుడి చేత్తో. ఆ చెయ్యి డోరు దాకా వెళ్లాలంటే ఒళ్లు తిరుగుతుంది, దాంతో అద్దంలోకి, వెనక్కి చూపు దానంతట అదే పడుతుంది. ముందు బెత్తెడు తెరిచి ఆగి, చూసి, అప్పుడు పూర్తిగా తీయాలి. వెనక సీట్లో పిల్లలుంటే చైల్డ్ లాక్ వేసి, వాళ్లను ఎడమవైపు నుంచే దించండి.