మళ్ళీ చేస్తే మళ్ళీ ఇంతే వస్తుందా? (స్టాటిస్టిక్స్ చూసి భయపడుతున్న మా అమ్మలుకి)

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. మొదటి మిడ్‌లో ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్‌లో నీకు ముప్పైకి తొమ్మిది వచ్చాయట, రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినట్లేదట, "సివిల్ ఇంజనీరింగ్ వాళ్ళకి ఈ గోలంతా ఎందుకో పెద్దనాన్నని అడుగు" అన్నావట. నువ్వే అడిగితే పోయేది కదా. ఫోన్‌లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు కాబట్టి రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, టిఫిన్ తిని చదువు.

ఆ పేపర్ నేనూ రాశాను. వందకి డెబ్బై పైనే వచ్చాయి, ఒక్క ముక్క అర్థం కాకుండానే. ఫార్ములాలు బట్టీ కొట్టాను, పాత పేపర్లు తిరగేశాను, గైడులో చుక్క గుర్తు పెట్టినవి చదివాను, అయిపోయింది. అర్థమైంది ఎప్పుడంటే ఉద్యోగంలో చేరి, గాజువాక వైపు ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో కాంక్రీటు క్యూబులు పగలగొట్టడం మొదలుపెట్టాక.

క్యూబ్ అంటే 150 మిల్లీమీటర్ల దిమ్మ. సైట్‌లో పోస్తున్న కాంక్రీటులోంచే కాస్త తీసి అచ్చుల్లో పోసి, 28 రోజులు నీళ్ళలో నానబెట్టి, మెషీన్ కింద పెట్టి ఎంత ఒత్తిడికి పగులుతుందో చూస్తాం. ఒకే లారీ, ఒకే మేస్త్రీ, ఒకే పూట పోసిన మూడు దిమ్మలు. ఒకటి 29 మెగాపాస్కల్స్ (ఒత్తిడి కొలత) దగ్గర పగిలింది, ఒకటి 33, ఒకటి 31. నేను మెషీన్ పాడైందనుకుని మా ల్యాబ్ పెద్దాయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన చదివింది పదో తరగతే. నవ్వి, "ఏటి బాబూ, మళ్ళీ కొడితే మళ్ళీ అంతే వస్తదనుకున్నావేటి?" అన్నాడు.

నీ కోర్సు మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది తల్లీ. సగటు, స్టాండర్డ్ డీవియేషన్, శాంప్లింగ్, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, టెస్ట్ ఆఫ్ హైపోథిసిస్ అని యూనిట్లుగా విడగొట్టేసరికి ఐదు వేర్వేరు సబ్జెక్టుల్లా కనిపిస్తాయి గానీ, అన్నిటి కిందా ఉన్నది ఒకటే. ఇదే పని మళ్ళీ చేస్తే ఎంత వస్తుంది, ఎంత అటూ ఇటూ అవుతుంది, ఆ అటూ ఇటూ అవడాన్ని పెట్టుకుని నేను ఎంతవరకు మాట ఇవ్వగలను? ఏ లెక్క మొదలుపెట్టినా ముందు ఈ ప్రశ్న వేసుకో, ఫార్ములా తర్వాత.

సివిల్ వాళ్ళకెందుకు అన్నావు కదా. నువ్వు వచ్చే ఏడాది చేయబోయే డిజైన్ అంతా దీని మీదే నిలబడింది. ఎం25 కాంక్రీటు అంటే సగటు బలం 25 అని నీ క్లాసులో సగం మంది అనుకుంటుంటారు. కాదు. ఐఎస్ 456 (మన దేశపు కాంక్రీటు నిబంధనల పుస్తకం) ప్రకారం 25 అంటే వంద ఫలితాల్లో ఐదుకి మించి దాని కిందకి రాకూడదన్న గీత. సగటే 25 ఉంటే దాదాపు సగం దిమ్మలు ఆ గీత కిందే పగులుతాయి కదా. అందుకని సగటుని పైకి జరుపుతాం, 25కి 1.65 రెట్లు స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయన్న కొలత) కలుపుతాం. డీవియేషన్ 4 అనుకుంటే 31.6 వస్తుంది. ఆ 1.65 ఎక్కడిదో తెలుసా? నువ్వు విసుక్కుంటూ తిరగేస్తున్న నార్మల్ టేబుల్‌ది. ఎడమ కొసన ఐదు శాతం వదిలే చోటు. ఇంకో సంగతి, నీ మేస్త్రీ జాగ్రత్తగా పనిచేసి ఆ 4ని 3కి తగ్గించాడనుకో, ఈ ఫార్ములా ప్రకారం టార్గెట్ 29.95కి దిగుతుంది, అంటే కాస్త తక్కువ సిమెంటుతోనే పని జరుగుతుంది. డీవియేషన్ అంటే పుస్తకంలో గుర్తు కాదు, సిమెంటు బస్తాల ఖర్చు.

ఆ పెద్దాయన దగ్గర నేర్చుకున్నది ఇంకోటి ఉంది, ఏ పుస్తకంలోనూ నాకు అంత గట్టిగా తగల్లేదు. ఒక కాంట్రాక్టరు పంపిన రిజిస్టర్ చూస్తున్నాం. 26.1, 26.0, 26.2, 26.1, పేజీలకి పేజీలు అలాగే. నేనేమో "బాగుంది కదండీ, అన్నీ పాసే" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, "ఇంత బుద్ధిమంతమైన కాంక్రీటు నా జన్మలో చూళ్ళేదు" అన్నాడు. ఒక్క దిమ్మ కూడా పగలగొట్టకుండా కుర్చీలో కూర్చుని రాసిన అంకెలవి. మనిషి కల్పించిన అంకెలకి నిజం అంకెల్లో ఉండే అల్లరి ఉండదు. సగటు ఒక్కటే చూసేవాడికి అది ఎప్పటికీ దొరకదు.

ఇక చిన్న శాంపిల్ గొడవ. నీ మార్కులు ఎక్కువ పోయింది అక్కడేనని మీ నాన్న మాటల్ని బట్టి అనిపించింది. పైన చెప్పిన మూడు దిమ్మలే తీసుకో, 29, 31, 33. సగటు 31. ఇప్పుడు కాలిక్యులేటర్‌లో స్టాట్ మోడ్‌కి వెళ్తే రెండు డీవియేషన్లు చూపిస్తుంది, ఒకటి 1.63, ఇంకోటి 2. మొదటిది మూడుతో భాగించింది, రెండోది రెండుతో. శాంపిల్ అన్నాక రెండోదే కావాలి. ఎందుకంటే అసలు సగటు నీకు తెలీదు, ఈ మూడు అంకెల్లోంచే దాన్ని తీసుకున్నావు, అవి తమ సగటుకి ఎప్పుడూ దగ్గరగానే ఉంటాయి, అందుకని తేడాలు ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తాయి, ఒకటి తగ్గించి భాగించడం ఆ లోటు సర్దడానికి. సరే, 2 వచ్చింది. రూట్ మూడుతో భాగిస్తే 1.15, సగటు ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే అంకె అది. ఇక్కడ 95 శాతం నమ్మకానికి నార్మల్ టేబుల్ ఇచ్చే 1.96తో గుణించావో, 28.7 నుంచి 33.3 దాకా అని వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది గానీ తప్పు. మూడే దిమ్మలున్నప్పుడు ఆ డీవియేషన్‌ని కూడా పూర్తిగా నమ్మలేం. టీ టేబుల్‌లో రెండు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (మూడు దిమ్మల్లోంచి ఒకటి తీస్తే రెండు) దగ్గర 4.303 ఉంటుంది, దాంతో చేస్తే 26 నుంచి 36 దాకా పోతుంది. అంత వెడల్పా అని నవ్వొస్తుంది. మూడు దిమ్మలకి తెలిసేది అంతేనమ్మా.

ఆ టేబుల్ వెనక కథ నాకు ఇష్టం. డబ్లిన్‌లో గిన్నిస్ అనే బీరు కంపెనీ ఉంది, అందులో గోసెట్ అనే ఆయన పనిచేసేవాడు. బార్లీ మీద, బీరు మీద చేసే ప్రయోగాలకి ఆయన చేతికొచ్చే శాంపిళ్ళు నాలుగో ఐదో, వందలు కాదు. ఉన్న పద్ధతులన్నీ పెద్ద శాంపిళ్ళకి పనికొచ్చేవి. కూర్చుని చిన్నవాటికి లెక్క తీశాడు, 1908లో అచ్చువేశాడు, కంపెనీ వాళ్ళు ఉద్యోగుల పేర్లతో వేయనివ్వరు కాబట్టి స్టూడెంట్ అని పెట్టుకున్నాడు. నువ్వు స్టూడెంట్స్ టీ టెస్ట్ అంటే స్టూడెంట్లని ఏడిపించడానికి పెట్టింది అనుకుంటున్నావేమో, కాదు, మనలాగే ల్యాబ్‌లో నాలుగు ముక్కలతో తంటాలు పడ్డవాడు పెట్టింది.

నేను చేసిన తప్పు కూడా చెప్తాను, మీ నాన్నకి చెప్పకు. ఉద్యోగంలో రెండో ఏడు ఒక కొత్త అడ్మిక్స్చర్ (కాంక్రీటులో కలిపే మందు) వచ్చింది. అది లేకుండా మూడు దిమ్మలు 29, 31, 33. అది వేశాక మూడు దిమ్మలు 32, 33, 34. "బలం రెండు మెగాపాస్కల్స్ పెరిగింది" అని రిపోర్టు రాసి సంతకం పెట్టేశాను. డ్రమ్ములు వచ్చాయి, రెండు నెలలు వాడారు, ఏ తేడా లేదు. అప్పుడు కూర్చుని టీ లెక్క వేస్తే 1.55 వచ్చింది, తేడా ఉందని చెప్పాలంటే టేబుల్ ప్రకారం దాటాల్సింది 2.776. ఆ సంతకం పెట్టక ముందు చేయాల్సిన పది నిమిషాల పని అది.

నీ హైపోథిసిస్ టెస్ట్ ఇదే. అడ్మిక్స్చర్ వల్ల ఏ తేడా లేదనే అనుకుందాం, అలా అనుకున్నా ఊరికే అటూ ఇటూ అవడం వల్ల ఇంత తేడాగానీ ఇంకా ఎక్కువగానీ రావడానికి అవకాశమెంత? ఆ వచ్చిన అంకే పీ వాల్యూ. "నల్ హైపోథిసిస్ (ఆ తేడా లేదన్న ఊహ) నిజమయ్యే అవకాశం" అని మాత్రం పరీక్షలో రాయకు. టీచర్లలో కూడా కొంతమంది అలాగే చెప్తారు, వాదించకు, నువ్వు సరిగ్గా రాయి. పీ వాల్యూ 5 శాతం కిందకి వస్తేనే తేడా ఉన్నట్టు అనే గీత ఆకాశం నుంచి ఊడిపడింది కాదు, ఫిషర్ అనే స్టాటిస్టిక్స్ పండితుడు 1925లో తన పుస్తకంలో అది సౌకర్యంగా ఉంటుందని వాడాడు, లోకం అంటించుకుంది. 4.9 వస్తే పండగ, 5.1 వస్తే ఏడుపు అన్నట్టు ఉండకూడదు. ఇంకోటి, టెస్టులో తేడా తేలలేదంటే తేడా లేదని కాదు, మూడు దిమ్మలకి చిన్న తేడా కనిపించలేదని. కనిపించాలంటే ఎక్కువ దిమ్మలు కావాలి, అదీ రూట్ లెక్కలో, అనుమానం సగం తగ్గాలంటే దిమ్మలు నాలుగింతలు. ఆ రూట్ వల్లే మా మేనేజర్‌కీ నాకూ ఎప్పుడూ పడేది కాదు.

ప్రాబబిలిటీ యూనిట్ మీద ఎక్కువ చెప్పను, పాచికలూ పేకముక్కలూ నువ్వు ఇంటర్‌లోనే చేశావు. రెండు విషయాలు మాత్రం. మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడతావు కదా, పది నిమిషాలకో బస్సు అంటారు, మరి సగటున ఐదు నిమిషాలే ఆగాలి కదా, ఎందుకు అంతకన్నా ఎక్కువ ఆగుతున్నాను అని ఎప్పుడైనా అనిపించిందా? నీ జాతకం కాదు. బస్సులు రెండేసి కలిసి వస్తాయి. ఒక ఖాళీ 2 నిమిషాలు, తర్వాతది 18 అనుకో, సగటు ఖాళీ పదే. కానీ నువ్వు స్టాప్‌కి వచ్చేది ఆ 18 నిమిషాల ఖాళీలో అవ్వడానికే పదికి తొమ్మిది వంతులు అవకాశం. లెక్క వేస్తే సగటు ఎదురుచూపు 8.2 నిమిషాలు. కాగితం మీద వేసి చూసుకో, వేరియన్స్ (అంకెల చెదురు) అంటే ఏంటో కాళ్ళ నొప్పితో సహా తెలుస్తుంది.

రెండోది హుద్‌హుద్ తుపాను. 2014 అక్టోబర్ 12, నువ్వప్పుడు చిన్నపిల్లవి, ఎయిర్‌పోర్ట్ కప్పు లేచిపోయింది, ఊళ్ళో చెట్టనేది నిలబడలేదు. తర్వాత మా వీధిలో అందరూ ఒకటే మాట, "ఇక మన జన్మలో అలాంటిది రాదులే" అని. తుపానుకి ఆ సంగతి ఎవరు చెప్పారు? హైడ్రాలజీలో (వానలూ వరదల లెక్కల సబ్జెక్టు) నీకు వందేళ్ళకోసారి వచ్చే వరద అని వస్తుంది. అంటే వచ్చి వెళ్ళాక వందేళ్ళు సెలవు తీసుకుంటుందని కాదు, ప్రతి ఏడూ ఒక శాతం అవకాశం అని. ఏ ఏటికా ఏడు విడి అనుకుంటే, ముప్పై ఏళ్ళు నిలబడే కట్టడానికి అది ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. 0.99ని ముప్పై సార్లు గుణించి ఒకటిలోంచి తీసెయ్, అంతే. బైనోమియల్ పేరుతో నువ్వు భయపడేది ఇదే.

ఇప్పుడు చదివే పద్ధతి. గైడు పక్కన పెట్టమని చెప్పను, అది అబద్ధపు సలహా, పరీక్ష దాన్ని బట్టే వస్తుంది. కానీ ప్రతి లెక్క చేశాక జవాబు కింద ఒక వాక్యం తెలుగులో రాయి, "అంటే ఈ కాంక్రీటు గురించి ఏం చెప్పినట్టు?" అని. ఆ వాక్యం రాకపోతే లెక్క రాలేదన్నమాటే. నార్మల్ టేబుల్ ఏ రకమో ముందే చూసుకో. 1.96 దగ్గర 0.4750 ఉంటే మధ్య నుంచి కొలిచింది, 0.9750 ఉంటే ఎడమ కొస నుంచి కొలిచింది. ఇంట్లో ఒకటి, పరీక్ష హాల్లో ఇంకోటి చేతికొచ్చి చేతులెత్తేసిన వాళ్ళని చూశాను. ప్రతిసారీ గంట బొమ్మ గీసి, కావాల్సిన భాగం పెన్సిల్‌తో నింపాకే టేబుల్ తెరువు. ఏ డేటా ఇచ్చినా ముందు చుక్కలు పెట్టి చూడు. రిగ్రెషన్ గీత (చుక్కల మధ్య నుంచి పోయే గీత) ఎవరైనా గీస్తారు, ఆ చుక్కలకి గీత నప్పుతుందా అనేది కళ్ళకే తెలుస్తుంది.

ఇచ్చిన డేటాలో ఏది లేదు అని కూడా అడుగు. 1986 జనవరి 28న అమెరికా వాళ్ళ స్పేస్ షటిల్ ఛాలెంజర్ పేలిపోయింది కదా. ముందు రోజు రాత్రి ఇంజనీర్లు చలికీ రాకెట్ అతుకుల్లోని రబ్బరు రింగులు దెబ్బతినడానికీ సంబంధం ఉందా అని తర్జనభర్జన పడ్డారు. వాళ్ళు పోల్చి చూసిన డేటాలో రింగులు దెబ్బతిన్న ప్రయోగాలే ఉన్నాయి, సంబంధం సరిగ్గా కనిపించలేదు. ఏ దెబ్బా తగలని ప్రయోగాలు, అన్నీ కాస్త వెచ్చటి రోజులవే, అందులో లేవు. అవి కూడా చుక్కలుగా పెట్టి ఉంటే చలి సంగతి బయటపడేది. మా ల్యాబ్‌లోనూ అచ్చు విప్పేటప్పుడు అంచు విరిగిన దిమ్మల్ని రిజిస్టర్‌లో రాసేవాళ్ళు కాదు, ఆ ఖాళీ వరసల గురించి నేను అడిగింది చాలా ఆలస్యంగా.

నీకు ఇంకో సంగతి తెలుసో లేదో. నువ్వు రోజూ దాటి వెళ్ళే ఆంధ్రా యూనివర్సిటీలోనే సి.ఆర్. రావు గారు ఎంఏ మ్యాథ్స్ చదివారు. తర్వాత కలకత్తా వెళ్ళి, 1945లో, పాతికేళ్ళ వయసులో, ఒక పక్కకి మొగ్గని అంచనా ఎంత బాగున్నా ఇంతకన్నా తక్కువ తేడాతో ఉండలేదు అనే హద్దు కనిపెట్టారు. అదే క్రామర్-రావు బౌండ్, పైతరగతుల్లో వస్తుంది. 2023లో 102 ఏళ్ళ వయసులో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నారు, అదే ఏడాది పోయారు. మన ఊరి సబ్జెక్టునే పట్టుకుని ఇదెవరు పెట్టారని తిడుతున్నావు నువ్వు.

ఆదివారం ఇంటికి రా. పెద్దమ్మ కొర్రమీను పులుసు పెడతానంది. మిడ్ పేపర్ తీసుకురా, చింపేసి ఉంటే అతికించి తీసుకురా. కాలిక్యులేటర్ కూడా. ఈలోగా రోజూ బస్సు కోసం ఎన్ని నిమిషాలు ఆగావో ఫోన్‌లో రాసుకో, బస్సు వెంటనే దొరికిన రోజు కూడా సున్నా అని రాయి, దాన్ని వదిలేయకు.

మీ పెద్దనాన్న