ఓడ మీది జెండా నావికుణ్ణి కాపాడుతుందా?

మీరు రెండు విషయాలు అడిగారు. ఇప్పుడు అంతర్జాతీయ భద్రతకు గట్టి సవాలు ఏది, పెద్ద దేశాలు తలుచుకుంటే అది తీరదా అని. నేను విదేశాంగ విధానం చదువుకున్నవాణ్ణి కాను. సరుకు ఓడల్లో సెకండ్ ఆఫీసర్‌ని, ఓడ ఏ దారిన వెళ్లాలో చార్టు మీద గీయడం నా పని. అందుకే నేను వెళ్లొచ్చిన ఎర్ర సముద్రం గురించే చెబుతాను.

2024 ఫిబ్రవరిలో మా ఓడ సూయెజ్ కాలువ దాటి దక్షిణంగా, ఎర్ర సముద్రం నుంచి బయటికి వెళ్లే బాబ్ ఎల్ మందెబ్ జలసంధి వైపు వెళ్తోంది. బాగా ఇరుకైన చోట అది 30 కిలోమీటర్లు కూడా ఉండదు. అంతకు మూడు నెలల ముందు, 2023 నవంబర్ 19న, ఇజ్రాయెల్‌తో సంబంధమున్న ఓడల్ని వదలమని ప్రకటించిన యెమెన్ సాయుధ దళం హూతీలు హెలికాప్టర్‌లో దిగి గెలాక్సీ లీడర్ అనే ఓడను 25 మంది సిబ్బందితో సహా పట్టుకుపోయారు. ఆ వీడియో మా అందరి ఫోన్లలోనూ ఉంది. అప్పటికే చాలా కంపెనీలు తమ ఓడల్ని ఆఫ్రికా చుట్టూ తిప్పి పంపుతున్నాయి. దానికి పది రోజులకు పైగా ఎక్కువ పడుతుంది. మా కంపెనీ మాత్రం దగ్గర దారే పట్టమంది.

ఓడల్లో ఏఐఎస్ అనే పరికరం ఉంటుంది. ఓడ పేరు, వేగం, వెళ్లే రేవు చుట్టుపక్కల ఎవరు చూసినా కనిపిస్తాయి. రేవు పేరు రాసే గడిలో 20 అక్షరాలే పడతాయి. ఆ రోజుల్లో చాలా ఓడలు రేవు పేరు తీసేసి అక్కడ ‘ఇజ్రాయెల్‌తో సంబంధం లేదు’ అనో, ‘సాయుధ గార్డులున్నారు’ అనో పెట్టుకునేవి. మా కెప్టెన్ కూడా అలాంటిదేదో పెట్టమన్నారు. కూర్చుని టైప్ చేస్తే సరిపోలేదు. ఒక్కో అక్షరం తీసేస్తూ, మళ్లీ లెక్కపెడుతూ పావుగంట గడిపాను. యజమానిది ఒక దేశం, జెండా ఇంకో దేశానిది, సిబ్బంది నాలుగు దేశాలవాళ్లం, సరుకు మరెవరిదో. అసలు మేం ఎవరి తాలూకు వాళ్లమో నిజంగా రాయమంటే ఏం రాయాలో నాకు తెలియలేదు. ఆ రాత్రి ఓడలన్నీ వినే రేడియో చానల్, వీహెచ్‌ఎఫ్ 16లో ఎవరో తాము యెమెన్ నౌకాదళమని చెప్పి ఓడ పేరు అడిగారు. జవాబివ్వొద్దని మాకు ముందే సూచన ఉంది. ఓడ నడిపే గది, అంటే బ్రిడ్జ్ మీద నలుగురం ఉన్నాం, ఎవరం కదల్లేదు. డ్యూటీలో లేనివాళ్లు లైఫ్ జాకెట్లు పక్కన పెట్టుకుని లోపల కారిడార్‌లో తెల్లారేదాకా కూర్చున్నారు.

మేం బయటపడ్డాం. మార్చి 6న ట్రూ కాన్ఫిడెన్స్ అనే సరుకు ఓడ మీద హూతీల క్షిపణి పడి ముగ్గురు నావికులు చనిపోయారు. దాని మీద ఉన్నది బార్బడోస్ జెండా. మంటల్లోంచి తప్పించుకున్నవాళ్లను చేరదీసింది భారత నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ కోల్‌కతా.

నా దృష్టిలో అసలు సవాలు ఇక్కడే ఉంది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం ఓడ ఏ దేశం జెండా ఎగరేస్తే ఆ దేశం పరిధిలోకి వస్తుంది. కానీ ప్రపంచ సరుకు ఓడల మోత సామర్థ్యంలో 40 శాతానికి పైగా లైబీరియా, పనామా, మార్షల్ దీవులు అనే మూడు జెండాల కిందే ఉంది. ఆ దేశాలు ఎర్ర సముద్రానికి యుద్ధనౌకలు పంపగలవా? పంపగల దేశాలేమో ఎవరి లెక్క వాళ్లు చూసుకుంటాయి. 2024 జనవరి 10న భద్రతా మండలి ఈ దాడులు ఆపాలని 2722వ తీర్మానం చేసింది. 11 దేశాలు అవునన్నాయి, రష్యా, చైనా, అల్జీరియా, మొజాంబిక్ ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. రెండు రోజులు తిరక్కుండానే అమెరికా, బ్రిటన్ హూతీల మీద బాంబు దాడులు మొదలుపెట్టాయి. ఫిబ్రవరిలో ఐరోపా సమాఖ్య ఆస్పిడెస్ పేరుతో తన యుద్ధనౌకల్ని దించింది. ఇంత జరిగాక కూడా 2025 జులైలో ఒకే వారంలో మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సీ అనే రెండు ఓడలు హూతీల దాడుల్లో మునిగిపోయాయి. రెండూ లైబీరియా జెండావే.

కాబట్టి పెద్ద దేశాలు తలుచుకుంటే తీరిపోతుందని నేను అనుకోను. చవక డ్రోన్‌ను ఆపడానికి ఖరీదైన క్షిపణి వాడుతూ ఎన్నాళ్లు కాపలా కాస్తారు? సరుకు ఎవరిదో ఆ దేశం, సిబ్బంది ఎవరో ఆ దేశం కూడా ఓడ బాధ్యత పంచుకునేలా ఒప్పందం రావాలి. అది కుదిరేదాకా కనీసం నావికుడి మాటకైనా విలువ ఉండాలి. యుద్ధ ప్రాంతంలోకి రానని చెప్పే హక్కు మాకుంది, నావికుల సంఘాలు యజమానులతో కుదుర్చుకున్న ఒప్పందాల్లో అది రాసి ఉంది. మా కంపెనీ కూడా ఇష్టమేనా అని సంతకానికి కాగితం పంపింది. అది మా చేతికొచ్చేసరికి సూయెజ్ దాటి ఒకటిన్నర రోజైంది. దిగుతానన్నా దిగడానికి దారిలో మా ఓడ ఆగే రేవు లేదు. నేనూ సంతకం పెట్టాను.