అమ్మలూ, ముందు పట్టు విడిపించుకోవడం నేర్పు

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీర్వదించి రాస్తున్నది.

గోవాలో కోర్సు పూర్తయిందనీ, వచ్చే నెల నుంచి మన విశాఖ బీచ్‌లో కొత్తగా చేరే లైఫ్‌గార్డులకి నువ్వే రెస్క్యూ ట్రైనింగ్ ఇస్తావనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మీ పెద్దమ్మ వీధంతా తిరిగి అందరికీ చెప్పి వచ్చింది. మన ఇళ్ళలో ఆడపిల్లల్ని మోకాలి లోతు దాటనిచ్చేవాళ్ళు కాదు. అలాంటిది మగపిల్లలకి నువ్వు సముద్రం నేర్పుతావంటే నా గుండె నిండిపోయింది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నీకేమైనా అవుతుందని కాదు, నీ ఈత నాకు తెలుసు. నువ్వు నేర్పిన కుర్రాడు ఒకడు ఎవర్నో కాపాడబోయి తిరిగి రాకపోతే ఆ బరువు నువ్వు జీవితాంతం ఎలా మోస్తావా అని భయం వేసింది. ఫోన్‌లో చెబితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, మొత్తం చదువు.

పరుగు, ఫిట్‌నెస్, విజిల్, జెండాలు, వాకీటాకీ గురించి నీకు నేను చెప్పక్కర్లేదు.

మొదటి రోజుల్లో ఎవర్నీ నీళ్ళలోకి దించకు. రోడ్డు పక్క గోడ మీద నిలబెట్టి సముద్రాన్ని చూడమను. అలలు తెల్లగా విరుగుతున్న చోట్ల మధ్య ఒక సందులో నీళ్ళు నల్లగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. జనం అక్కడే బాగుందని దిగుతారు. అదే లాగుడు, మీరు రిప్ కరెంట్ అనేది. అలలు ఒడ్డుకి తోసిన నీళ్ళన్నీ ఆ సందులోంచే వెనక్కి పోతాయి. ఒక్కోసారి దాని వేగం ముందు ఒలింపిక్ ఈతగాడు కూడా నిలవలేడు. ఎండు కొబ్బరి డొక్క ఒకటి అందులోకి విసిరి, అది ఎటు పోతుందో వాళ్ళ కళ్ళతో చూడనియ్యి. లాగుడు మనిషిని కిందికి ముంచదు, లోపలికి తీసుకుపోతుంది, అంతే. దానికి ఎదురీది అలిసిపోయినవాళ్ళే మునిగిపోతారు. మనవాళ్ళు మాత్రం వెళ్ళేటప్పుడు ఆ లాగుడు మీదే వెళ్ళొచ్చు, తొందరగా చేరతారు. వచ్చేటప్పుడు పక్కకి తప్పుకుని, అలలు విరిగే చోటు నుంచి రావాలి. హైదరాబాద్‌లో సముద్రం సమాచారం చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ వాళ్ళు అలల ఎత్తు గురించి ఇచ్చే సూచన రోజూ పొద్దున్నే చూడమని చెప్పు. ఎక్కడో దూరంగా తుఫాను ఉంటే ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉండగానే పెద్ద కెరటాలు వచ్చేస్తాయి.

మునిగేవాడు చేతులు ఊపి అరుస్తాడని కుర్రాళ్ళు అనుకుంటారు. ఊపిరే అందనివాడు ఎలా అరుస్తాడు? తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టంలో తేలుతూ మునుగుతూ ఉంటుంది. జుట్టు కళ్ళ మీద పడినా తీసుకోడు. మనిషి నిలువుగా ఉంటాడు, కాళ్ళు ఆడవు, చేతులు పక్కలకి చాపి నీటిని కిందికి అదుముతుంటాడు. న్యూయార్క్‌లో లైఫ్‌గార్డుగా చేసిన ఫ్రాన్సెస్కో పియా ఈ తీరుని గమనించి చెప్పాడు. అలా ఉండేది 20 నుంచి 60 సెకన్లు మాత్రమే. ఫోన్ చూసి తలెత్తేలోపు అయిపోతుంది. డ్యూటీలో ఎవడి చేతిలోనైనా ఫోన్ కనిపిస్తే మొహమాటపడకుండా ఇంటికి పంపెయ్.

ఇప్పుడు అసలు సంగతి.

నేను లైఫ్‌గార్డుగా చేరినప్పుడు మాకు ట్రైనింగ్ ఇచ్చినవాళ్ళు మంచివాళ్ళే, కష్టపడి నేర్పారు. కానీ పెద్ద తప్పు ఒకటి చేశారు. అంతా స్విమ్మింగ్ పూల్లోనే. మాలో ఒకడు మునిగినట్టు నటించేవాడు, అంటే కళ్ళు మూసుకుని వెల్లకిలా తేలేవాడు. గడ్డం కింద చెయ్యి వేసి గట్టుకి లాక్కొచ్చేవాళ్ళం. చప్పట్లు కొట్టి అందరినీ పాస్ చేశారు. ప్రాణం పోతున్న మనిషి ఎలా పట్టుకుంటాడో మాలో ఒక్కడికీ తెలియకుండానే మమ్మల్ని సముద్రం ముందు నిలబెట్టారు.

నాతోపాటు చేరిన ఒకతను మా అందరిలోకీ గొప్ప ఈతగాడు. పేరు రాయను, వాళ్ళవాళ్ళు ఇప్పటికీ మన వైపే ఉంటున్నారు. ఒక హోలీ రోజు రంగులు కడుక్కోవడానికి కాలేజీ కుర్రాళ్ళు గుంపుగా దిగారు. ఇద్దరు లాగుడులో పడ్డారు. మునిగేవాడికి పట్టుకుని తేలడానికి అందించే రెస్క్యూ ట్యూబు గొడుగు కింద ఉంది, నాలుగు అంగలు వెనక్కి వేస్తే చేతికి వచ్చేది. వెయ్యలేదు, ఉత్తి చేతులతో దూకాడు. తిన్నగా మొదటి కుర్రాడికి ఎదురుగా వెళ్ళాడు. ఆ కుర్రాడు రెండు చేతులూ మెడ చుట్టూ వేసి, కాళ్ళు నడుముకి మెలివేసి, పైకి ఎక్కేశాడు. మావాడు ఎవరైనా చేసేదే చేశాడు, తల పైకి పెట్టుకోవాలని చూశాడు. పైకి వచ్చిన కొద్దీ కుర్రాడు ఇంకా పైకి ఎక్కాడు. ఇంతలో రెండోవాడు వచ్చి జుట్టు పట్టుకున్నాడు. నేను ట్యూబు తీసుకుని సగం దూరం వెళ్ళేసరికి నీటి మీద మావాడి అరచెయ్యి ఒక్కటే కనిపించింది. వేళ్ళు విచ్చుకుని ఉన్నాయి. వేటనుంచి తిరిగొస్తున్న తెప్ప ఒకటి దగ్గర్లో ఉండబట్టి, వాళ్ళు తెడ్డు అందించి ముగ్గురినీ పైకి లాగారు. కుర్రాళ్ళలో ఒకడు దక్కలేదు. మావాడు బతికాడు గానీ మళ్ళీ నీళ్ళలోకి దిగలేదు. ఎవరైనా వెనకనుంచి మెడ మీద చెయ్యి వేస్తే వణికిపోయేవాడు. తొందరపడ్డాడని అందరూ వాణ్ణే తిట్టారు. వాడికి ఎవరూ నేర్పలేదమ్మా. నేర్పని దానికి వాణ్ణి తిట్టి ఏం లాభం?

అందుకని నువ్వు ముందు పట్టు విడిపించుకోవడం నేర్పు. నడుము లోతులో మొదలుపెట్టు. ఒకణ్ణి నిజంగా బలంగా మెడ పట్టుకోమను. పట్టుబడినవాడు గడ్డం గుండెకి ఆనించి, ఒక్క ఊపిరి తీసుకుని, కిందికి మునగాలి. మునిగేవాడికి కావలసింది గాలి, కిందికి పోయేదాన్ని వాడు పట్టుకుని ఉండడు. పట్టు సడలగానే వాడి మోచేతుల్ని పైకి తోసి, దూరంగా ఈది, వెనకనుంచి రావాలి. వీపు మీద రెండుసార్లు తడితే ఆట ఆపెయ్యాలని ముందే చెప్పు, నువ్వు పక్కనే ఉండు. ఆ తర్వాత పరిగెత్తించి అలిసిపోయాక చేయించు. ఆ తర్వాత అలల్లో. చివరికి ఇద్దరు ఒకేసారి పట్టుకునేలా. ట్యూబు లేకుండా నీళ్ళలో అడుగు పెట్టినవాణ్ణి ఎంత గొప్ప ఈతగాడైనా ఫెయిల్ చెయ్యి. ట్యూబు దూరం నుంచే అందించాలి, మనిషికీ మనకీ మధ్య అది ఉండాలి.

చీరతో కూడా చేయించు. కార్తీక పౌర్ణమికీ మాఘ స్నానాలకీ ఆడవాళ్ళు చీరలతోనే దిగుతారు. కుచ్చిళ్ళు ఊడిపోయి, ఆమె కాళ్ళకే కాదు, కాపాడేవాడి కాళ్ళకి కూడా చుట్టుకుంటాయి. చీర పట్టి లాగితే చీర వస్తుంది గానీ మనిషి రాదు. చంకల కిందనుంచి పట్టుకోవాలి. పరాయి ఆడమనిషిని తాకడానికి కుర్రాళ్ళు ఒక్క క్షణం జంకుతారు. ఆ జంకు పోగొట్టడం నాకంటే నీకే బాగా చేతనవుతుంది. పాత చీరలు పెద్దమ్మ మూట కట్టి ఉంచింది, పట్టుకెళ్ళు.

అందరూ ఒక్కచోటికే పరిగెత్తకూడదు. ఒకడు తప్పనిసరిగా ఒడ్డున ఉండాలి. తల్లో అన్నో స్నేహితుడో వెనకే దూకబోతారు, వాళ్ళని ఆపాలి.

వరదలప్పుడు మీవాళ్ళని గోదావరికి పంపినా పంపొచ్చు. నది వేరు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర మునిగిన లాంచీని కాకినాడ ధర్మాడి సత్యం బృందం పైకి తియ్యడానికి నెల దాటింది. ఆ నీటి జోరు అలాంటిది. అక్కడ నడుముకి తాడు ముడివేసి మనిషిని దించుతారు చూడు, ఆ పని చెయ్యనివ్వకు. తాడు బిగిసిందంటే ప్రవాహం మనిషిని నీటి కిందే నొక్కి ఉంచుతుంది. గట్టు మీదనుంచి తాడు విసరడమే నేర్పు.

ఒడ్డుకి తెచ్చాక పొట్ట నొక్కడం, తలకిందులుగా ఎత్తి తిప్పడం జనం మొదలుపెడతారు. చెయ్యనివ్వద్దు. ఊపిరి లేకపోతే ముందు నోటితో ఐదు శ్వాసలు, తర్వాత ఛాతీ మీద 30 నొక్కులు, రెండు శ్వాసలు. గుండె ఒక్కటే నొక్కితే చాలదు, మునిగినవాడికి కరువైంది గాలి. నోట్లో నురగ వస్తూనే ఉంటుంది, దాన్ని తుడుస్తూ కూర్చోవద్దు. తేరుకుని లేచి కూర్చున్నా 108 ఎక్కించాల్సిందే.

ఎవరైనా దక్కకపోతే ఆ రోజు ఆ కుర్రాణ్ణి ఒంటరిగా ఇంటికి పంపకు. మావాణ్ణి మేం అలాగే పంపాం, అది తల్చుకుంటే ఇప్పటికీ బాధ. నీకు అలా అయితే అర్ధరాత్రైనా సరే మా ఇంటికి వచ్చెయ్.

ట్యూబుల పట్టీలు ఉప్పుకీ ఎండకీ కుట్లు వదిలేస్తాయి. స్టోరులో ఉన్నవి బయటికి తీయించి, మొదలుపెట్టే ముందే ఒక్కొక్కటీ నీ చేత్తో లాగి చూసుకో. పాడైనవాటికి కొత్తవి రాకపోతే క్లాసు వాయిదా వెయ్యి, ఎవరేమన్నా సరే.

ఇట్లు,
నీ పెదనాన్న